అచ్చులో పాత పోగులు

హలో… ఆ, నేనేనండి, వాణిని… బండారులంక వాణినండి శారోన్ గారూ… ఆయ్, ఆ పదకొండు మిస్‌డ్ కాల్సూ నావేనండి… క్లాసులో ఉంటారని తెలుసండి. తెలిసే చేసేను. చెయ్యి ఊరుకుంటేగా…

లేదండి, గొంతు బానే ఉంది. పైకి మాట్లాడలేక. మా మామయ్యగారు వసారాలో ఉన్నారండి, కండెలు చుడుతున్నారు… ఆ గురగురా వినపడేది రాట్నమే. అది తిరుగుతున్నంతసేపూ పర్వాలేదు నాకు.

కంప్యూటరండి… ఆ, నాకు కంప్యూటరు నేర్పి మీరిప్పించిన లాప్‌టాపే… పోయిందండి.

అంటే… దొంగలెత్తుకెళ్లలేదండి. నా ఎదురుగానే ఉంది. తెర నల్లగా అయిపోయింది… చుట్టూరా బొమ్మలుండేవి కదా, అవి లేవు. బాణం లేదు. కింద పట్టీ లేదు. నలుపు మీద తెల్లక్షరాలు, రెండే రెండు లైన్లు. చివర్న ఓ గీత, ఆరుతోంది, వెలుగుతోంది. గంటసేపట్నుంచి దాన్నే చూస్తున్నానండి నేను…

చెప్తాను, చెప్తాను. తిట్టనంటేనే చెప్తాను…

మొన్న మీరే అన్నారు కదండీ. చీర అంచు బొమ్మ గీసేక, ఒక్కో వరసకీ ఏ పోగు లేవాలో ఏ పోగు దిగాలో చేత్తో రాసుకోవడమెందుకు వాణీ, చిన్న ప్రోగ్రాం రాసుకుంటే అదే రాసిపెడుతుంది, ఆ కాగితం తీసుకెళ్లి మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టే దానంగారి చేతిలో పెట్టెయ్యచ్చు అని… ఆయ్. మీరు రాసుకోమన్నారు. తీసెయ్యమనలేదు. తప్పు మీదని అనట్లేదండి నేను…

వీడియో చూసేనండి. అందులో ఆయన, పైథాన్ కొత్తదుంటేనే, అదే ఈ ప్రోగ్రాములు నడిపేది, ఇది పనిచేస్తుందన్నారు. నా దాంట్లో ఉన్నదేమో పాతది… అదేనండి. పాతది తీసేసేను…

హలో…

హలో, శారోన్ గారూ… ఉన్నారాండీ… ఎవరు తీసెయ్యమన్నారా… 

ఎవరూ చెప్పలేదండి. వీడియోలో ఆయన కూడా చెప్పలేదు. నేనే. మా నేత ఇళ్లల్లో అంతే కదండీ… మగ్గం పైన జకార్డు మీద, అదే అట్టల్ని బట్టి పోగులు లేపే దాని మీద, కొత్త డిజైను వెయ్యాలంటే ముందు పాత అట్టలు దింపేస్తాం. పాతవి వేలాడుతుండగా కొత్తవి ఎక్కిస్తే సూదులకి ఏది వినాలో తెలీదు, రెండూ చెడిపోతాయి. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. ఇదీ అలాంటిదే అనుకున్నానండి. పాతది దింపేసి, శుభ్రంగా తుడిచేసుకుని, కొత్తది ఎక్కిద్దామని…

ఏం కొట్టేనంటే… మాటలు కొట్టి పని చేయించే ఆ నల్లకిటికీ తెరిచి… సుడో, ఆప్ట్, రిమూవ్, పైథాన్ త్రీ, అంటే పైథాన్ తీసెయ్యమని. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చేను. అప్పుడు ఇంత పొడుగు జాబితా వచ్చిందండి, తెరంతా నిండిపోయి ఇంకా పైకి పోతోంది. అన్నీ పేర్లే…

చదవలేదండి.

అన్నీ ఇంగ్లీషు పేర్లు, గీతలూ అంకెలూ… చదవాల్సింది. ఇప్పుడు తెలుస్తోంది. చివర్న అడిగిందండి, ముందుకెళ్లమంటారా, వై నా ఎన్ నా అని… వై నొక్కేను…

అంత మర్యాదగా అడిగితే కాదని ఎలా అంటామండీ… నవ్వేరా? నవ్వండి, పర్వాలేదు, మీరు నవ్వితే కాస్త ధైర్యంగా ఉంది. మీదీ ఈ నేలే కదా, మీకు తెలీందేముంది. ఎవరేమడిగినా ముందు ఆయ్ అనేస్తాం, తర్వాత వంటింట్లోకెళ్లి ఆలోచించుకుంటాం. మా అమ్మ అలాగే పెంచింది నన్ను.

ఆ తర్వాత… అక్షరాలు గబగబా పరిగెత్తినాయండి. అబ్బో, పని జరిగిపోతోంది అనుకుని కాఫీ కూడా పెట్టుకున్నాను. వచ్చి చూస్తే తెర మీద ఒక్కో బొమ్మా మాయమైపోతోంది. గాభరాపడి ఆపేసి మళ్లీ వేసేను. వేస్తే ఇదిగో, ఈ నలుపు…

ఏంటండీ… నెమ్మదిగా చెప్పండి… ఆ బొమ్మలూ, కిటికీలూ, బాణమూ, అన్నీ ఆ పాత పైథాన్ మీద ఆనుకునే నిలబడ్డాయా… దాన్ని లాగితే వాటినీ తీసెయ్యాలని ఆ జాబితాలో చెప్పిందా… అంటే చెప్పి మరీ అడిగిందన్నమాట. చెప్పి మరీ అడిగితే ఆయ్ అన్నాను.

మరి డిజైన్లండీ? అంచులు?

…మీకే తెలీదా.

చూస్తే గానీ చెప్పలేనంటే ఎలాగండీ… శారోన్ గారూ, నూట ముప్పయ్యారండి. అంచులూ కొంగులూ బుటాలూ కలిపి. రెండేళ్లు. మామయ్యగారు పక్కన కూర్చుని చెప్పడం, నేను గడి గడీ నింపడం…

పెన్‌డ్రైవ్… వేసుకోమన్నారు. మీరు రెండుసార్లు చెప్పేరు. పెన్‌డ్రైవ్ కొన్నాను కూడానండి, ఎర్రది. ఇదిగో సొరుగులోనే ఉంది, కవరు కూడా విప్పలేదు…

మామయ్యగారు గీసిన గ్రాఫు కాగితాలా… అదడక్కండి.

అడిగేరు కాబట్టి చెప్తున్నాను. పోయినేడు ట్రంకుపెట్టెలో చెదలు పట్టినాయండి. సగం పిండైపోయినాయి. ఎలాగూ కంప్యూటర్లోకి ఎక్కించేసేం కదా, మిగతా ఇంటికి కూడా పాకుతాయి అని… నేనే పొయ్యిలో వేసేను. ఈ చేత్తోనే. మామయ్యగారు అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు, ఒక్క మాటనలేదు. నీ కంప్యూటరు పెట్టెలో ఉన్నాయి కదమ్మాయ్, అన్నారంతే…

ఆగండి. రాట్నం ఆగింది.

ఒక్క నిమిషం, ఆగండి, మాట్లాడకండి…

ఏంటి మామయ్యగారూ… ఎవరూ లేరండి, ఫోను… శారోన్ గారండి. అమలాపురం శారోన్ గారు… మనింటికి వచ్చేరు కదండీ, మన చెట్టు జామకాయలు సంచీలో వేసిచ్చేరు మీరు… ఆయ్, ఆవిడే… నీలమండి. నీలం చుట్టమన్నాను… ఎరుపు నిన్నే అయిపోయింది కదండీ, ఇవాళ నీలమే… ఆయ్. నేను వస్తాను, మీరు లేవకండి…

విన్నారా శారోన్ గారూ… తిరుగుతోంది మళ్లీ. పొద్దున్నించి ఇది నాలుగోసారి అడగడం, ఏ రంగని.

అవునండి… మర్చిపోతున్నారు.

అందుకేనండి, ఆయన చేత మళ్లీ చెప్పించుకోవచ్చు కదా అని మీరనకముందే చెప్పేస్తున్నాను. చెప్పలేరండి. పోయిన నెల బొండుమల్లె అంచు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. ఆయన ఎప్పుడూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పాటలాగ చెప్తారు, నాలుగు లేపు, రెండు దింపు, ఒకటి లేపు… అక్కడ ఆగేరు. ఒకటి లేపు, అని చెయ్యి గాల్లో పెట్టి అలాగే ఉండిపోయేరు. తన చేతికేసే చూసుకుంటున్నారు, ఎవరిదో చెయ్యి అన్నట్టు. నేను మౌస్ పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపని… చివరికి నవ్వేరండి. రేపు చెప్తాలే అమ్మాయ్, ఇవాళ ఎండగా ఉంది, అన్నారు. ఆ రోజు వాన పడుతోందండి.

ఆ రేపు ఇంకా రాలేదు. బొండుమల్లె అరవయ్యో వరస దగ్గర సగంలోనే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. ఆయన రావులపాలెం మార్కెట్లో లారీల దగ్గర పని చూసుకుని ఏ సాయంత్రానికో వస్తారు, వచ్చేసరికి మామయ్యగారు ముస్తాబై కూర్చుంటారు, ఏమీ జరగనట్టు. మర్చిపోతున్నానని మామయ్యగారికి తెలుసండి. నాకు తెలిసిందని కూడా తెలుసు. ఇద్దరం ఆ మాటెత్తం. గబగబా ఎక్కించుకుంటూ పోతున్నాం, అంతే. తొందరగా అవ్వాలనేగా నేనీ ప్రోగ్రాం జోలికెళ్లింది… ఆ తొందరే కొంప ముంచింది.

ఈ డిజైన్లు పోతే ఆయన లేరండి. మనిషుంటారు, కండెలు చుడతారు, అన్నం తింటారు… ఆయనుండరు. భయంగా ఉంది శారోన్ గారూ. ఇంత భయం నాకు పురిటప్పుడు కూడా లేదు.

ఆయ్… ఆయ్. ఏడవను. చెప్పండి.

తెర మీదేముందంటే… పై లైన్లో ఏదో పేరు, అంకెలు. కింద లైన్లో లాగిన్ అని, పక్కన ఆ గీత… నా పేరు కొట్టాలా? వాణి అనేనా, చిన్నక్షరాల్తో… కొట్టేను. ఎంటర్… పాస్‌వర్డ్ అంటోంది…

పడట్లేదండి! నొక్కుతున్నాను, ఒక్కటీ పడట్లేదు. చుక్కలు కూడా రావట్లేదు. మీటలు కూడా చచ్చిపోయినట్టున్నాయి… ఏంటి… కనపడదా. కనపడకపోయినా అది వింటోందా… అలాగేనా. చీకట్లో దారం ఎక్కించినట్టే ఉంది…

కొట్టేను… తప్పంటోంది. తప్పని రాసింది శారోన్ గారూ, ఇంక లోపలికి రానివ్వదేమో… తొందరలో ఓ మీట తప్పి ఉంటుందా. ఆయ్, అదే అయ్యుంటుంది… మళ్లీ పేరు… మళ్లీ పాస్‌వర్డ్… ఒక్కో వేలితో కొడుతున్నాను, ఆగండి…

వచ్చిందండి. స్వాగతం అని ఏదో నాలుగు లైన్లు రాసింది. చివర్న వాణి, ఓ గుర్తు, డాలరు బొమ్మ. గీత ఆరుతోంది.

ఎల్… ఎస్… అంతేనా? రెండక్షరాలేనా? ఇది నొక్కితే ఇంకేం పోదు కదా… చూడ్డమే గానీ చెయ్యి వెయ్యదా… మీరు మాటివ్వండి. పైకి చెప్పండి, మాటిచ్చేనని… ఆయ్. నొక్కుతున్నాను.

పేర్లొచ్చినాయి… డెస్క్‌టాప్. డాక్యుమెంట్స్. డౌన్‌లోడ్స్. మ్యూజిక్. పిక్చర్స్… ఇంకో రెండు… అంతేనండి. అంచులు లేదు. ఇంగ్లీషక్షరాల్లో అంచులు అనే పేరు పెట్టేను నేను, లేదు. మళ్లీ చూసేను, లేదండి…

పోయినాయి.

నేనే పోగొట్టేను. కాగితాలు కాల్చింది నేనే, ఇవి తీసేసింది నేనే. ఆయన వసారాలో నీలం కండెలు చుట్టుకుంటున్నారు, ఏం చెప్పను నేను వెళ్లి…

ఎక్కడుండేదంటే… తెర మీదండి. తెరవగానే కుడిచేతి పక్క, పసుపు డబ్బా… ఏంటీ?… తెర మీద కనపడేవన్నీ డెస్క్‌టాప్ అనే గదిలో ఉంటాయా. తెర పోయినా గది పోదా… ఇందాకే చెప్పచ్చు కదండీ, ప్రాణం పోయింది… ఆయ్, మీరు చెప్తూనే ఉన్నారు, నేనే వినలేదు.

ఆ గదిలోకి వెళ్లాలంటే సి, డి, ఖాళీ, డెస్క్‌టాప్… డి పెద్దదా. కొట్టేను… ఏమీ అనలేదండి. మాట్లాడకపోతే మంచిదేనా… మళ్లీ ఎల్ ఎస్… నొక్కాలంటే భయమేస్తోంది. నొక్కకుండా ఉంటే ఇంకా ఉన్నట్టే కదండీ…

నొక్కేను.

ఉంది. శారోన్ గారూ, ఉంది. అంచులు అని ఉంది, నీలం అక్షరాల్లో…

లోపలా? లోపల ఖాళీగా ఉంటే… సి, డి, అంచులు. ఎల్, ఎస్… వచ్చినాయి. వస్తున్నాయండి, తెర నిండా. చదువుతాను, మీరు వినండి. కొబ్బరాకు. కొబ్బరాకు రెండు. చిలకబారు. గోదారి అల. పాపిడి చుక్క. జంట నెమలి. లంకగడ్డి. పడవ కొంగు. ఏలకి మొగ్గ. బొండుమల్లె… బొండుమల్లె ఉందండి! సత్తెమ్మ అంచు, మా అత్తయ్యగారి పేరుతో వేసింది, అదీ ఉంది. రేకు బుటా. కోడిజుట్టు…

అయ్యో.

లేదండి, ఏం కాలేదు. గట్టిగా చదివేసేను. రాట్నం వినపడట్లేదు… గుమ్మంలో ఉన్నారు.

మామయ్యగారూ… లోపలికి రండి, గడప చూసుకోండి… ఏం లేదండి, పేర్లు చదువుతున్నాను… ఏదండీ? జంట నెమలా… ఎవరేసేరా…

…మీరేనండి.

మీరే వేసేరు. మీ పెళ్లైన కొత్తలో వేసేరట, మీరే చెప్పేరు నాకు… ఆయ్, బావుంటుందండి. చాలా బావుంటుంది… అన్నీ మీవేనండి. నూట ముప్పయ్యారూ మీవే. ఇంకొకరిది ఒక్కటీ లేదు…

ఉన్నానండి శారోన్ గారూ… ఉన్నాను. ఆయనకి పీట వేస్తున్నాను.

…చెప్పండి ఇప్పుడు. ఉన్నవైతే ఉన్నాయి గానీ, ఇలా పేర్లుగా ఉంటే నాకేం పనికొస్తాయండి, బొమ్మ కనపడాలి కదా. గీసే కిటికీ లేదు… ఆదివారమా. మీ చర్చి అయ్యాక వస్తారా… రండి, సంతోషం. అప్పటిదాకా ముట్టుకోకుండా మూతేసెయ్యమంటారు. అదే మంచిదండి. నాకు దాని మీద వేలు పెట్టాలంటేనే—

మామయ్యగారూ?… ఏంటండీ… ఆయ్, బొండుమల్లె అన్నాను… అవునండి. సగమే ఉంది.

శారోన్ గారూ… బొండుమల్లె సగమే కదమ్మాయ్ ఉంది, అంటున్నారు. ఆయనకై ఆయనే. నేను చెప్పలేదండి, మీరు విన్నారుగా, నేను పేరొక్కటే చదివేను… ఆయ్ మామయ్యగారూ, అరవయ్యో వరస దగ్గర ఆగేం… మిగతాదా? ఇప్పుడా?

పెట్టె తియ్యమంటున్నారు శారోన్ గారూ. మిగతాది చెప్తాను, పెట్టె తియ్యి, అంటున్నారు.

ఆదివారం దాకా ఆగలేనండి. ఆదివారానికి ఆయనకి ఎంతుంటుందో ఎవరు చెప్పగలరు. ఇప్పుడే చెయ్యాలి, ఎలా చెయ్యాలో చెప్పండి…

పోయినవి మళ్లీ తెప్పించుకోడానికి నెట్టు కావాలా… నెట్టు నా ఫోనుదేనండి. ఇదే ఫోను. గాల్లోంచి వచ్చే వైఫై… అదీ పోయిందా. వైరుతో కలపాలా… ఛార్జరు వైరుంది. బారెడు కూడా లేదు. చెవి దగ్గర పెట్టుకోవడం కుదరదండి, కింద పెట్టాలి… స్పీకరా? స్పీకరు పెడితే ఆయన వింటారండి. నేనేం చేసేనో…

…ఆయ్. దాస్తే ఎన్నాళ్లు దాస్తాను.

మామయ్యగారూ, మీరు కూర్చోండి. ఆ పీట మీద… మీకో సంగతి చెప్పాలి. ఈ పెట్టె పాడు చేసేనండి నేను. కొత్తదొకటి ఎక్కిద్దామని, ముందు పాతది దింపేసేను. దింపితే దాని మీద ఆనుకున్నవన్నీ పడిపోయినాయి. మీ డిజైన్లు పోలేదండి, ఉన్నాయి. తెరే కనపడట్లేదు. కోప్పడండి…

కోప్పడట్లేదండి శారోన్ గారూ. ఏదో అడుగుతున్నారు… ఏంటి మామయ్యగారూ?… ఆగండి, ఆవిడకి చెప్తాను.

అచ్చులో పాత పోగులు ఉంచేవా, అని అడుగుతున్నారండి. మీకు తెలీదు కదా, పడుగంటే నిలువు పోగులు, అచ్చంటే ఆ పోగులు దూర్చే దువ్వెనలాంటిది… పడుగు అయిపోయినప్పుడు చివరంటా లాగెయ్యరండి. అచ్చులో జానెడు పాత పోగులు అలాగే ఉంచేసి, కొత్త పడుగు తెచ్చి, ఒక్కో పాత పోగుకీ ఒక్కో కొత్త పోగు అతుకుతారు. మూడు వేలు, నాలుగు వేలు ముళ్లు. రెండ్రోజులు కూర్చుని… పాత పోగు లాగేస్తే ఇంక కొత్తది దారి వెతుక్కోలేదు… ఆయ్, వింటున్నాను మామయ్యగారూ… అట్టలైతే దింపాలి, పడుగైతే ఉంచాలి, నువ్వు దింపింది అట్టలో పడుగో చూసుకోవద్దా అమ్మాయ్, అంటున్నారు.

చూసుకోలేదండి మామయ్యగారూ… ఆయ్. పడుగే అది.

ఏమన్నారు శారోన్ గారూ?… మీరు నాకు రెండేళ్లలో ఆ ముక్క చెప్పలేకపోయేరా. ఆయన పైథాన్ అని పలకను కూడా పలకలేరండి… నవ్వుతున్నారు ఆయన, మీ గొంతు విని. స్పీకరు పెట్టేసేను.

వైరు పెట్టేను. ఫోన్లో సెట్టింగుల్లో… ఫోను నెట్టు పంచే టెథరింగ్… దొరికింది. వెలిగింది… ఇప్పుడు ఆ నెట్టు అందుకోమని నల్లతెరలో సుడో… డి, హెచ్, సి, ఎల్, ఐ, ఇ, ఎన్, టి. ఎంటర్… పాస్‌వర్డ్. కనపడదు, తెలుసు. కొట్టేను… గీత కిందకి దిగింది, ఏమీ అనలేదు. మంచిదేనా. మంచిదే.

సుడో, ఆప్ట్, ఇన్‌స్టాల్… ఇదివరకు రిమూవ్ కొట్టిన చోట… ఆయ్… తర్వాత ఆ పెద్ద పేరు. అక్షరం అక్షరం చెప్పండి, నేను తిరిగి చెప్తాను. గీత. డెస్క్‌టాప్… కొట్టేను, ఎంటర్ నొక్కలేదింకా… నొక్కనా… నొక్కేను.

మళ్లీ జాబితా, శారోన్ గారూ. అదే జాబితా. ఇంత పొడుగు… అడుగుతోంది. మళ్లీ వై నా ఎన్ నా అంటోంది. ఇందాక అడిగినట్టే అడుగుతోంది, అంతే మర్యాదగా…

నొక్కను. చదువుతాను. మీరు చెప్పక్కర్లేదు, ఈసారి చదువుతాను… చివరి లైన్లు… కొత్తగా వచ్చేవి, ఆరువందల పన్నెండు. మారేవి, సున్నా. తీసేసేవి…

తీసేసేవి… సున్నా. సున్నానే కదండీ ఇది, గుండ్రంగా. మళ్లీ చూసేను, సున్నా.

మామయ్యగారూ, ఏదీ తియ్యదంటండి. ఆరువందల పోగులు అతుకుతుందంట… ఆయ్.

మరి నొక్కనా… ఏంటి… ఏంటండీ?

ఫోను పెట్టెయ్యాలా.

మాట్లాడుతుంటే నెట్టు రాదా… అవునండి, మా దగ్గర అంతే, ఫోను వస్తే నెట్టు ఆగిపోతుంది. మరిచిపోయేను… అంటే మీరుండరు. నొక్కేటప్పుడు మీరుండరన్నమాట. నేనొక్కదాన్నే…

మధ్యలో కరెంటు పోతే? ఛార్జింగు పెట్టే ఉందండి, కరెంటు పోయినా అరగంట కాస్తుంది… అరగంట చాలకపోతే… ఇంకేదైనా అడిగితే… మళ్లీ అడిగితే ఏమనాలండీ నేను, ఆయ్ అనాలా కాదనాలా… చదివి చెప్పాలి. ఆయ్. చదివి చెప్పాలి, తెలీకపోతే ఏదీ నొక్కకుండా ఊరుకోవాలి, మీకు రెండున్నరకి క్లాసయ్యాక ఫోను చెయ్యాలి. గుర్తుంది.

ఇంకొక్క నిమిషం ఉండండి. ఊరికే, లైన్లో ఉండండి. ఆ సున్నా ఇంకోసారి చూసుకునేదాకా…

ఏంటి మామయ్యగారూ… మొదలుపెట్టేస్తారా? పెట్టె ఇంకా తెరుచుకోలేదండి, అరగంట పడుతుంది, గంట పడుతుంది… కాసేపాగి—

ఆగలేనంటున్నారండి. ఆగితే పోతుందమ్మాయ్, అంటున్నారు. ఆ మాట ఎప్పుడూ అనలేదు శారోన్ గారూ. నా ఎదురుగా ఇంతవరకూ ఎప్పుడూ అనలేదు.

కాగితం… కాగితమేనండి, మీరన్నది నిజం, కాగితం మీద రాస్తాను. కేలండరు… పోయిన నెల కాగితం చింపేను, వెనక తెల్లగానే ఉంది. పెన్సిల్… ఇదిగో… చెప్పండి మామయ్యగారూ, రాస్తున్నాను. అరవై నుంచి… ఆయ్. నాలుగు లేపు… రెండు దింపు… ఒకటి లేపు…

…

మామయ్యగారూ.

శారోన్ గారూ, ఆగేరు. అక్కడే. చెయ్యి గాల్లోనే ఉంది, మళ్లీ అలాగే చూసుకుంటున్నారు. ఏం చెయ్యనండి… మాట్లాడకండి. 

మామయ్యగారూ, ఇదిగో… నా చెయ్యి పట్టుకోండి. నేనున్నాను. పాత పోగు నా దగ్గరుందండి. ఒకటి లేపు. దీనికి అతకండి… ఒకటి లేపు…

మూడు దింపు.

మూడు దింపు అన్నారండి! ఆయ్, రాసేను, రాసేను మామయ్యగారూ, ఆగకండి… రెండు లేపు… ఆయ్… ఒకటి దింపు…

ఉంటానండి. చెయ్యి ఖాళీ లేదు, ఒకటి ఆయన పట్టుకున్నారు, ఒకదాన్లో పెన్సిలుంది… నొక్కుతాను. పెన్సిల్‌తోనే వై నొక్కుతాను, మీరు పెట్టెయ్యండి, నెట్టు రావాలి దానికి… మీరే పెట్టెయ్యండి శారోన్ గారూ, నా వల్ల కాదు… ఆయ్… నాలుగు లేపు… ఆయ్ మామయ్యగారూ…